రాని ఓటీపీ

…అయినా రాలేదని చెప్పడంలో అంత పాపమేముంది, ఈ ఏడాదిగా తనకు రావలసినవి ఎన్ని రాలేదు, వాటి గురించి ఎవరైనా ఇలా మాటిమాటికీ ఫోన్ చేసి అడిగారా, అనుకుంటూ ఆమె ఫోన్‌ని టికెట్ల యంత్రం పక్కన బోర్లా పెట్టింది.

అద్దాల గది అది. పేరుకే గది, కుర్చీ కాస్త జరిపితే మోకాలు గోడకి కొట్టుకుంటుంది. పెద్ద పార్కింగ్ భవనానికి సరిగ్గా నోటి దగ్గర ఉంటుంది. కారు వచ్చి ఆగుతుంది, అద్దం దిగుతుంది, లోపలి నుంచి ఒక చెయ్యి చాపుతారు. ఆ చేతిలో టికెట్ పెట్టి ఆమె బటన్ నొక్కుతుంది. ఎర్ర చారల గొట్టం పైకి లేస్తుంది. అంతే పని. ఎవరి ముఖమూ సరిగ్గా చూడనక్కర్లేదు. ఈ ఉద్యోగంలో ఆమెకు నచ్చినదల్లా ఆ ఒక్కటే.

బోర్లా పడుకున్న ఫోన్ మళ్ళీ వణికింది. తిప్పి చూసింది. వచ్చింది. ఆరంకెలు, వాటి కింద 'దీన్ని ఎవరికీ చెప్పవద్దు' అని ఒక హెచ్చరిక. ఇంతకాలానికి తన మనసెరిగి మాట్లాడింది ఈ మెసేజ్ ఒక్కటే అనిపించి నవ్వొచ్చింది. కాసేపు ఆ అంకెలనే చూస్తూ కూర్చుంది. ఈపాటికి అక్కడ తన డ్రైవింగ్ స్కూల్ ముందుగదిలో బావ కంప్యూటర్ ముందు మెడ చాచుకుని ఉంటాడు. తెర మీద ఖాళీ గడి ఒకటి రెప్పలాడిస్తూ ఉంటుంది. పక్కన టైము తరిగిపోతూ ఉంటుంది. తరిగి తరిగి సున్నా అవుతుంది. అప్పుడు ఈ ఆరంకెలు ఒడ్డున పడ్డ చేపపిల్లలా ఊపిరి వదిలేస్తాయి. ఆ క్షణం తనకి ఇక్కడి నుంచే తెలుస్తుంది. కడుపులో ఎక్కడో చల్లగా ఉంటుంది.

ఫోన్ మోగింది. అక్క.

"పొట్టీ, వచ్చిందా?"

"ఏది?"

"ఓటీపీ తల్లీ, ఓటీపీ. కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌ది. ఇప్పుడే పంపామని సైటువాళ్ళు చెప్తున్నారు చూడు."

"రాలేదక్కా."

"సరిగ్గా చూడవే. పైనా కిందా చూడు."

"చూశాను. ఎవరో నాకు లోన్ ఇస్తామంటున్నారు. అది పనికొస్తుందా?"

"నీ హాస్యం తగలెయ్య. సాయంత్రంతో గడువైపోతుందే. మీ బావ ఇక్కడ మౌస్‌ని పట్టుకుని గిన్నెలు తోముతున్నట్టు తోముతున్నారు."

"పాపం," అంది ఆమె. ఆ మాట ఎంత మెత్తగా వచ్చిందంటే, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అక్క ఇంట్లో ఏ కాగితానికైనా ఈమె నంబరే. గ్యాసుకి, కరెంటుకి, అక్కకూతురి స్కూలుకి, చివరికి అక్క అత్తగారి మోకాళ్ళ డాక్టరుకి కూడా. బావ మనుషుల్ని తప్పించుకోవడానికి రెండుమూడేళ్ళకో నంబరు మారుస్తాడు. అక్క ఫోన్లు పారేసుకుంటుంది. నంబరు మార్చనిది, ఫోన్ పోగొట్టుకోనిది ఇంట్లో ఈమె ఒక్కతే. "దీని నంబరు ఇచ్చెయ్యండి, ఎక్కడికి పోతుంది" అనేవాడు బావ ప్రతిదానికీ. ఆ ఎక్కడికీ పోనిదాన్నే ఇంట్లోంచి, డ్రైవింగ్ స్కూల్లోంచి పంపించేశాక కూడా, వాళ్ళ జీవితమంతా అంకెల రూపంలో ఇంకా ఈమె ఫోన్‌లోకే వచ్చి పడుతోంది. సిలిండర్ వచ్చినా, పాప స్కూలుకి వెళ్ళకపోయినా ఈమెకే ముందు తెలుస్తుంది. నంబరు మార్పించుకుందామంటే పాత నంబరుకే ఓటీపీ వస్తుంది. ఆఫీసుకి వెళ్ళి మార్పించుకోవచ్చు, కానీ దానికి ముందే టైము తీసుకోవాలి. బావ ఏ పనినీ చివరి రోజు కంటే ముందు ముట్టుకునే మనిషి కాదు.

ఏడాదిగా అక్క ఫోన్ చేసేది వీటికోసమే. "పొట్టీ, ఓటీపీ" అంటుంది. ఈమె చదువుతుంది. "సరే ఉంటా" అంటుంది అక్క. ఇద్దరి మధ్యా మిగిలిన బంధుత్వం ఆ ఆరంకెలే.

ఈ రోజు కోసం ఆమె కాచుకుని ఉంది. ఆ కారుకి మొదట రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టిందే తను. గడువు ఎప్పుడు తీరుతుందో ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేకపోయినా తనకి గుర్తుంది. గడువు దాటితే కారుని మళ్ళీ పరీక్షకి పంపాలి, ఆ వయసులో ఆ కారు నెగ్గదు. ఆ స్కూలుకి ఉన్నదే ఒక్క కారు. ఇవన్నీ ఆమె పడుకునే ముందు, పళ్ళు తోముకునేటప్పుడు, బస్సులో నిలబడి, చప్పరించే బిళ్ళని నోట్లో అటూ ఇటూ తిప్పుకున్నట్టు తిప్పుకుంది.

ఒక కారు వచ్చి ఆగింది. చెయ్యి. టికెట్. బటన్. కారు కదులుతుంటే బల్ల కింద ఆమె పాదం దానంతటదే కిందికి నొక్కింది.

ఈ పాదమే అసలు సంగతి.

నేర్పేవాళ్ళు కూర్చునే సీటు కింద కూడా ఆ కారుకి ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తికమకపడితే పక్కన కూర్చుని నేర్పే ఈమె తొక్కాలి. పొట్టిది కాబట్టి వీపు వెనక దిండు పెట్టుకుని, ముందుకి జరిగి కూర్చునేది. ఎన్నేళ్ళు నేర్పిందో, ఎంతమందిని గోడల నుంచీ గుంటల నుంచీ ఆపిందో లెక్కలేదు. ఒక రోజు భోజనాల దగ్గర చెప్పింది. "బావా, నా వైపు బ్రేకు వదులైంది. తొక్కితే సగం దాకా ఏమీ తగలడం లేదు." బావ కూర కలుపుకుంటూ "చూద్దాంలే" అన్నాడు. అక్క చేతిలో నీళ్ళ జగ్గు ఉంది. అది కూడా గుర్తే, జగ్గు మూత లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఒక నర్సు నేర్చుకుంటూ మలుపులో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కింది. ఈమె తన బ్రేకు తొక్కింది. పాదం కిందికి వెళ్ళింది, ఇంకా వెళ్ళింది, మెత్తటి మట్టిలోకి దిగినట్టు దిగింది. గోడ వచ్చింది. నర్సుకి భుజం ఎముక విరిగింది.

లైసెన్సుల ఆఫీసు నుంచి విచారణకి మనిషి వచ్చేటప్పటికి బ్రేకు బిగుసుకుని, కొత్తపెళ్ళికూతురిలా వినయంగా ఉంది. బావ రాత్రికి రాత్రి బాగుచేయించాడు. "బ్రేకు ఎప్పుడూ బాగానే ఉందండీ. మా మరదలు ఫోన్ చూసుకుంటోంది" అన్నాడు. నర్సు "నేను రోడ్డు చూస్తానా, ఆవిడ కాలు చూస్తానా" అంది, నిజమే. ఆ మనిషి అక్కవైపు తిరిగాడు. "బ్రేకు బాగాలేదని మీ చెల్లెలు ముందే చెప్పానంటున్నారు. మీరు విన్నారా?"

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. అవి తడిగా లేవు.

"నాకు గుర్తులేదండీ."

నేర్పడానికున్న లైసెన్సు పోయింది. దానికంటే పెద్దది ఇంకొకటి పోయింది, దానికి పేరు లేదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేకపోయింది. అందరూ అదే మాట అంటుంటే, కొన్నాళ్ళకి ఆమెకే అనుమానం మొదలైంది. నిజంగా తొక్కానా? ఆ సంగతి అసలు భోజనాల దగ్గర చెప్పానా, చెప్పాలనుకుని ఊరుకున్నానా? జగ్గుకి మూత లేదన్నది గుర్తుంది, మరి మాట సంగతి? మంచం మీద పడుకుని పాదం దుప్పటిలో తొక్కి చూసుకునేది. బావ మీద కోపం తేలిక. వాడు అబద్ధమాడతాడని అందరికీ తెలుసు, గోడకి తల కొట్టుకున్నట్టు, నొప్పి గోడ తప్పు కాదు. కానీ తన తల్లో ఉన్న జ్ఞాపకానికి ప్రపంచం మొత్తంలో ఒక్కతే సాక్షి. ఆ సాక్షి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఫోన్ మోగింది. ఈసారి అక్క అత్తగారు.

"అమ్మాయ్, అదేదో నంబరు నీ ఫోన్‌లో ఇరుక్కుపోయిందట కదా?"

"ఇరుక్కోలేదు అత్తయ్యగారూ. అసలు రాలేదు."

"ఒకసారి ఫోన్ దులిపి చూడమ్మా."

"దులిపానండీ. దుమ్ము రాలింది."

"నిన్నేమీ అనడం లేదు తల్లీ. మావాడు పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు, అదీ నా బాధ."

వెనకాల ఎవరో కరకరా ఏదో నములుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

"నీళ్ళు ముట్టకపోతే గొంతుకి అడ్డం పడుతుంది అత్తయ్యగారూ, చూసుకోమనండి" అంది. పెద్దావిడకి అది ఆశీర్వాదమో ఎత్తిపొడుపో తేలలేదు. ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ కిటికీలోంచి తల పెట్టాడు. "ఏమండీ, అది పొద్దున్నుంచీ ఒకటే గోల. ఎత్తనన్నా ఎత్తండి, లేదా దాని గొంతన్నా నొక్కండి."

"మా వాళ్ళండీ. నామీద ప్రేమ."

"అబ్బో, ఇంత ప్రేమని తట్టుకోవడం కష్టం," అని వెళ్ళిపోయాడు.

డబ్బా తెరిచింది, రెండు ముద్దలు తిని మూసేసింది. ఆకలి లేదు. అనుకున్నంత సంబరం కూడా లేదు, అదే ఆమెని గుచ్చుతోంది. ఓటీపీలు వస్తున్నాయి, చస్తున్నాయి. బావ సైటుని తిడుతున్నాడు, టవర్‌ని తిడుతున్నాడు, కాలాన్ని తిడుతున్నాడు. తనని మాత్రం తిట్టడం లేదు. తిట్టాలంటే తను ఒక మనిషినని, తనకి ఒక కసి ఉండగలదని ముందు ఆయన బుర్రకి తట్టాలి కదా. కొట్టినవాళ్ళెవరో తెలియకపోతే ఆ దెబ్బ జారిపడ్డ దెబ్బలాంటిదే. సాయంత్రానికి గడువు పోతుంది, స్కూలు మూతపడుతుంది, వాళ్ళు "మన ఖర్మ, నెట్‌వర్క్ లేదు" అనుకుని నిద్రపోతారు. ఏడాదిపాటు దాచుకున్న పగ చివరికి సిగ్నల్ లేకపోవడం కింద జమ అవుతుంది.

ఇలా దాక్కుని చేయడం ఎవరి పద్ధతి? ఆ ప్రశ్న దగ్గర ఆగింది. రాత్రికి రాత్రి బ్రేకు బిగించిన మనిషి పద్ధతి కాదూ? గాజు కిటికీలో తన ముఖం మసగ్గా కనిపించింది. ముఖం తిప్పుకుంది.

మళ్ళీ అక్క చేసింది. గొంతు మారింది, చుట్టూ ఊపిరాడనట్టు దగ్గరగా ఉంది. అక్క కార్లో కూర్చుని, తలుపులన్నీ వేసుకుని మాట్లాడుతోందని ఆమెకి తెలిసిపోయింది. ఆ సీట్లో వినిపించే నిశ్శబ్దం వేరు.

"పొట్టీ. నిజం చెప్పు. వచ్చింది కదూ?"

ఆమె ఫోన్‌ని ఒక చెవి నుంచి రెండో చెవికి మార్చుకుంది.

"నాకు తెలుసే. ఇంతకుముందు అన్నీ వచ్చేవి, ఇదొక్కటే ఎందుకు రాదు?"

"వచ్చింది," అంది. "ఇప్పుడూ నా చేతిలోనే ఉంది."

అక్క తిట్టలేదు. "నువ్వు ఇవ్వవని నాకు రాత్రే అనిపించింది" అంది.

"అక్కా, ఒకటి అడుగుతాను. కోపంగా అడగడం లేదు. నాకు తెలియక అడుగుతున్నాను. ఆ రోజు భోజనాల దగ్గర నేను చెప్పానా? బ్రేకు వదులైందని? నోరు తెరిచి చెప్పానా, లేక నేనే ఊహించుకుంటున్నానా?"

అంతలో ఒక కారు వచ్చి హారన్ కొట్టింది. టికెట్ ఇవ్వకుండానే బటన్ నొక్కి పంపేసింది.

"చెప్పావు," అంది అక్క. "నేను నీళ్ళు పోస్తున్నాను. ఆయన చూద్దాంలే అన్నారు. నువ్వు మళ్ళీ కూడా చెప్పావు, నాతో, గిన్నెలు సర్దేటప్పుడు."

రెండోసారి చెప్పిన సంగతి తనకే గుర్తులేదు. తన తల్లోంచి జారిపోయినదాన్ని అక్క ఇన్నాళ్ళూ భద్రంగా దాచుకుంది. ఏడాదిగా వాచిపోయి ఉన్న చోటేదో లోపల ఒక్కసారి చీరుకున్నట్టయింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు.

"మరి గుర్తులేదన్నావు."

"అన్నాను."

"బావకి భయపడి?"

"ఆయనకి నేనెప్పుడు భయపడ్డానే? బనియను కూడా సరిగ్గా తొడుక్కోవడం రాని మనిషికి?" అక్క చిన్నగా నవ్వింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. "నీకు చెప్తే అసహ్యించుకుంటావు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ స్కూల్లో నేను టీలు అందించాను. అందరూ కారెక్కారు, చివరికి ఎదురింటి టైలరు కూడా నేర్చుకున్నాడు. నువ్వు నేర్పావు, నవ్వావు, ఊరంతా తిరిగావు. నువ్వున్నన్నాళ్ళూ ఆ తాళంచెవి నాకెవరిస్తారే? నువ్వు వెళ్ళాక నేను నేర్పుతున్నాను. రోజూ పొద్దున్నే. నాకు బాగా వచ్చు పొట్టీ. నాకు చాలా బాగా వచ్చు."

ఆ చివరి మాటలో ఉన్న సంతోషం ఆమెకి కత్తిలా తగిలింది, ఎందుకంటే ఆ సంతోషం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. స్టీరింగ్ చేతికి బిగువుగా తగలడం, పక్కన ఎవరో వణుకుతుంటే తను వణకకపోవడం. అక్క భయంతో నోరు మూసుకుందని ఇన్నాళ్ళూ తనకి తనే సర్దిచెప్పుకుంది. భయపడ్డ మనిషిని ఎప్పుడో ఒకప్పుడు క్షమించవచ్చని ఒక మూల చాప పరిచి ఉంచింది. ఆ చాప మీద కూర్చోవలసిన మనిషి ఈవిడ కాదు.

"అక్కా, ఇప్పుడే చదువుతాను. ఆరంకెలూ చదువుతాను. రేపు లైసెన్సుల ఆఫీసుకి వెళ్ళి, నాకు చెప్పిన మాటే వాళ్ళకి చెప్తావా? ఏదీ కలపక్కర్లేదు. విన్నాను అను, చాలు."

"నేనిప్పుడు వెళ్ళి చెప్తే స్కూలేమవుతుందే?"

"చెప్తావా?"

"చూడు పొట్టీ, అదంతా ఒక రోజుతో…"

కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. బయటి రోడ్డు రొద లోపలికి తోసుకొచ్చింది. దానితోపాటు బావ గొంతు, కాస్త దూరం నుంచి. "ఏమంటోంది? వచ్చిందా?"

"ఇంకా రాలేదట," అంది అక్క.

తడుముకోలేదు. గొంతు తగ్గలేదు, పెరగలేదు. బజారు నుంచి ఏం తేవాలంటే చెప్పినంత తేలిగ్గా చెప్పింది. తర్వాత ఫోన్‌లోకి, "సరే, వస్తే చెప్పు, ఉంటా," అని పెట్టేసింది.

ఆమె ఫోన్‌ని చెవి దగ్గరే ఉంచుకుని కూర్చుంది. అక్క తనని కాపాడింది. ఇప్పుడు, ఇంత రగిలిన పొయ్యి మీద నీళ్ళు చల్లి, చెల్లెలి తప్పు మొగుడికి తెలియకుండా దాచింది. ఒక క్షణం ఒళ్ళు వెచ్చబడింది, చిన్నప్పుడు అమ్మ దగ్గర తన్నులు తప్పించినప్పటిలా. కానీ ఆ వెచ్చదనం వెంటనే కారంగా మారింది. గుర్తులేదండీ అన్నప్పుడూ ఇదే గొంతు. అచ్చం ఇదే. అక్క అబద్ధం ఎవరి పక్షాన ఉంటుందో అక్కకే తెలియదు, ముందున్న మనిషిని బట్టి గిన్నె వంచినట్టు వంచుతుంది, అంతే. ఆ రోజు తన నడుం విరిచినదీ, ఈ రోజు తనకి దుప్పటి కప్పినదీ ఒకే చెయ్యి. ఆ దుప్పటి కింద పడుకుంటే, ఇంకో ఏడాదికి ఓటీపీ రాలేదనే తనూ నమ్ముతుంది.

ఫోన్ వణికింది. మళ్ళీ ఆరంకెలు. ఎవరికీ చెప్పవద్దు.

బయట ఎండ భవనం అంచు నుంచి దిగి రోడ్డుకి అవతలి షట్టర్ల మీద పడింది. సైటు మూసేవేళ దగ్గరపడుతోంది. ఇక ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు, పని జరిగిపోతుంది. చేతికి మరక అంటదు. అందుకే ఆమెకి ఒళ్ళు మండింది. మరక అంటాలి. ఇది చేసింది తనేనని ఆ ఇంట్లో గోడలకి కూడా తెలియాలి. తెలిస్తే బావ నోటికొచ్చినట్టు అంటాడు. ఊళ్ళో చెప్పుకుంటాడు, చూశారా దాని బుద్ధి అని. అననీ. ఈసారి అనేది నిజమే అవుతుంది కదా. తర్వాత అక్కవైపు తిరుగుతాడు, రాలేదన్నావే అని. అక్క చేతులు తుడుచుకుంటుంది. ఆ ఊహ దగ్గర ఆమె ఆగి, తనలో జాలి ఏమైనా మిగిలిందేమోనని నిజాయితీగా వెతికింది. ఉంది. కొంచెం ఉంది. అది అడ్డు రాలేదు.

ఫోన్‌లో పేర్లన్నీ కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. 'బావ' దగ్గర ఆగింది. ఏడాదిగా ముట్టుకోని పేరు. కిటికీ బయట కారొకటి వచ్చి ఆగింది, లోపలి నుంచి చెయ్యొకటి బయటికొచ్చింది, ఆమె ఆ చేతిని ఒక్క నిమిషం ఆగమన్నట్టు వేలు చూపించింది. రెండో చేత్తో పేరు నొక్కింది.

రెండుసార్లు మోగగానే ఎత్తాడు.

"హలో, ఎవరండీ?"

ఇంట్లో సమస్తమూ వేలాడుతున్న నంబరు, ఆయన ఫోన్‌లో ఏ పేరుతోనూ లేదు.

"నేను బావా, పొట్టిని," అంది. "ఓటీపీ వచ్చింది. పొద్దున్నుంచీ వస్తూనే ఉంది. అక్కకి కూడా తెలుసు. నేను చెప్పను."